పద్నాలుగు మిల్లీమీటర్లు

మా పెద్దమ్మ అంగన్‌వాడీ కేంద్రం నడిపిన రోజుల్లో ఆమె బల్లమీద ఎప్పుడూ ఒక పెన్సిలు, ఒక పెన్ను పక్కపక్కన ఉండేవి. పిల్లల బరువులు పెన్సిలుతో వ్రాసేది. నెలాఖరున పై అధికారి వచ్చి రిజిస్టరు చూసి వెళ్ళిన తరువాత, ఆ అంకెల మీద పెన్నుతో దిద్దేది. సెలవులకు వెళ్ళినప్పుడు ఆ గదిలోనే ఆడుకునేవాణ్ణి కనుక ఇదంతా నాకు బాగా గుర్తు. దూలానికి వేలాడే త్రాసు, దానికి కట్టిన గుడ్డ సంచీ, అందులో కాళ్ళు బయటికి వేలాడేసుకుని ఏడ్చే పిల్ల. పెన్సిలు ఎందుకని అడిగితే, "చెరుపుకోవచ్చు గదా నాయనా" అనేది.

చెరపవలసిన అవసరం ఏమిటో చాలా ఏళ్ళకు గాని నాకు బోధపడలేదు. అప్పట్లో వయసుకు తగిన బరువు లేని పిల్లలను నాలుగు గ్రేడులుగా విడదీసేవారు. మూడో గ్రేడు, నాలుగో గ్రేడు పిల్లలు ఎక్కువైతే కేంద్రం సరిగా పనిచేయడం లేదని సంజాయిషీ అడిగేవారు. ఒక్కసారిగా తగ్గిపోయినా అనుమానమే. కనుక కాగితం మీద మా ఊరి పిల్లలు ఏటేటా మెల్లమెల్లగా, ఎవరికీ ఇబ్బంది కలుగని వేగంతో బలపడుతూ వచ్చారు.

ఆమె ఉద్యోగం విరమించి చాలా కాలమైంది. (ఉద్యోగమని నేనంటున్నాను, ప్రభుత్వం ఏనాడూ అలా అనలేదు, ఇచ్చినది జీతం కాదు, గౌరవ వేతనం.) ఈ మధ్య చూడడానికి వెళితే మాటల మధ్యలో ఉన్నట్టుండి అడిగింది: "ఇన్నేళ్ళు ఆ ఉప్మా వండి పెట్టాం గదా, దానివల్ల ఒక్క పిల్లకైనా ఏమన్నా ఒరిగిందంటావా? ఎవరైనా లెక్క కట్టారా?" ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఇంటికి వచ్చాక ఆ ప్రశ్న వదలలేదు. ఈ వ్యాసం ఆమెకు ఆనాడు చెప్పలేకపోయిన జవాబు. కాస్త పొడుగు, ఓపిక ఉన్న మిత్రులు చదవగలరు.

ముందు ఒక మాట గురించి. ప్రభుత్వ పథకం ఫలించిందో లేదో చూడడాన్ని మన పత్రికలు 'మూల్యాంకనం' అంటున్నాయి. నాకు 'మదింపు' అన్నదే చెవికి ఇంపు. వీటికంటే పాతదీ, ఇంకా సరసమైనదీ మరో మాట ఉంది, 'అజమాయిషీ'. ఇది పారశీకపు 'ఆజ్మాయిష్' నుంచి వచ్చింది. దానికి అర్థం పరీక్షించి చూడడం. రెవెన్యూ వారి పరిభాషలో అజమాయిషీ అంటే అధికారి స్వయంగా చేలగట్ల వెంట తిరిగి, ఏ నంబరులో ఏ పైరు ఉన్నదో కళ్ళారా చూసి, కరణం అడంగల్లో వ్రాసినదానితో పోల్చుకోవడం. కాలక్రమాన వాడుకలో ఆ పోల్చి చూడడం జారిపోయి పెత్తనం ఒక్కటే మిగిలింది. "నామీద నీ అజమాయిషీ ఏమిటి?" అంటాము గాని, ఆ మాటలో ఒకప్పుడు పరీక్ష ఉండేదన్న స్పృహ మనకు లేదు. మన సంక్షేమ కార్యక్రమాల మదింపు చరిత్ర కూడా చాలామేరకు ఈ మాట నడిచిన దారినే నడిచిందని నాకనిపిస్తుంది. అయితే ఆరంభం మాత్రం గొప్పగానే జరిగింది.

1948లో ఉత్తరప్రదేశ్‌లోని ఎటావా ప్రాంతంలో ఆల్బర్ట్ మేయర్ అనే అమెరికన్ వాస్తుశిల్పి సలహాతో ఒక గ్రామాభివృద్ధి ప్రయోగం మొదలైంది. ఆ అనుభవం ఆధారంగా 1952 అక్టోబరు 2న 55 ప్రాజెక్టులతో దేశవ్యాప్తంగా సమాజాభివృద్ధి కార్యక్రమం ఆరంభమైంది. ఎస్. కె. డే దానికి సారథి. బ్లాకులు, గ్రామసేవకులు, బీడీవోలు, ఈ మాటలన్నీ మన పల్లెల్లోకి వచ్చినది ఆ దారినే. అందరికీ తెలిసిన సంగతే ఇది. తక్కువమందికి తెలిసినది ఏమంటే, అదే ఏడాది అదే నెలలో ప్రణాళికా సంఘంలో ప్రోగ్రామ్ ఎవాల్యుయేషన్ ఆర్గనైజేషన్ అనే సంస్థ కూడా పుట్టింది. ఆర్థికవేత్త డి. జి. కార్వే దాని తొలి సంచాలకుడు. పథకమూ, దానిని పరీక్షించే సంస్థా కవలపిల్లల్లా ఒకేసారి పుట్టడం ఆ రోజుల్లో ప్రపంచంలోనే అరుదు. పైగా ఆ సంస్థను కార్యక్రమం నడిపేవారి చేతికింద ఉంచలేదు. దాని అధికారులు ఢిల్లీలో కూర్చోలేదు. ఎంపిక చేసిన ప్రాజెక్టు ప్రాంతాలలోనే మకాం పెట్టి చూసి వ్రాసేవారు.

వారి నివేదికలు ముఖస్తుతులు కావు. రోడ్లు, బావులు, బడి గదులు లెక్కకు బాగానే వస్తున్నాయి గాని, ఇది మా కార్యక్రమం అన్న భావం జనంలో కలగడం లేదని ఏటేటా చెబుతూ వచ్చారు. 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘం ఇదే లోపాన్ని ఎత్తి చూపి, ఎన్నికైన మూడంచెల పంచాయతీ వ్యవస్థ కావాలన్నది. 1959లో రాజస్థాన్ తరువాత దానిని అమలుచేసిన రాష్ట్రం మన ఆంధ్రప్రదేశే. మన తాతల నాటి సమితి ప్రెసిడెంట్ల దర్పం వెనుక ఒక మదింపు నివేదిక ఉన్నదంటే వింతగా ఉంటుంది గాని, అది నిజం. తప్పు జరుగుతున్నదని ప్రభుత్వమే తన నోట ఒప్పుకుని పరిపాలనను మార్చుకోవడం తరువాతి రోజుల్లో అంత తరచుగా కనబడదు.

ఇదే కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో శ్యామచరణ్ దూబే అనే మానవశాస్త్రజ్ఞుడు ఉండేవారు. హైదరాబాదు దగ్గరి శామీర్‌పేట గురించి 1955లో వచ్చిన ఆయన పుస్తకం ప్రసిద్ధం. 1958లో వచ్చిన రెండో పుస్తకంలో ఆయన ఉత్తరప్రదేశ్ పల్లెలలో సమాజాభివృద్ధి పనితీరును దగ్గరగా చూసి వ్రాశారు. వ్యవసాయ సహాయంలో సింహభాగం ఊళ్ళోని కలిగిన రైతులకే చేరుతున్నదని ఆయన తేల్చారు. ఎంత ఇచ్చారన్నది కాక ఎవరికి చేరిందన్న ప్రశ్న అప్పటినుంచి ఉంది.

స్త్రీలు, పిల్లల సంగతికి వస్తే దుర్గాబాయి దేశ్‌ముఖ్‌ను తలచుకోకుండా ముందుకు పోలేము. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె తొలి అధ్యక్షురాలు. ప్రభుత్వపు డబ్బు, స్వచ్ఛంద సంస్థల చేతులు, ఇదీ ఆ మండలి పద్ధతి. పల్లెల్లో బాలవాడీలు, ప్రసూతి సహాయం, కుట్టుపని తరగతులు ఆ ఏర్పాటులోనే విస్తరించాయి. తరువాత 1962లో ఆమె సామాజికాభివృద్ధి మండలిని స్థాపించి పరిశోధనకు ఒక చోటు కల్పించారు. పని చేసేవారికీ పరిశోధించేవారికీ మధ్య గోడ ఉండకూడదని ఆమె నమ్మినట్లు తోస్తుంది.

ఇక పెద్దమ్మ ఉప్మా సంగతి. సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం, అంటే ఐసీడీఎస్, 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో ప్రయోగాత్మకంగా మొదలైంది. ఆరేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు అదనపు ఆహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైతే ఆస్పత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్యబోధ, బడికి ముందరి చదువు, ఇవన్నీ ఒకే గదిలో, ఒక కార్యకర్త, ఒక ఆయా చేతిమీదుగా జరగాలి. ప్రోగ్రామ్ ఎవాల్యుయేషన్ ఆర్గనైజేషన్ దీనినీ తొలి ఏళ్ళలోనే పరిశీలించింది. తరువాత ఎన్నో అధ్యయనాలు జరిగాయి. వాటిలో ఎక్కువభాగం అడిగిన ప్రశ్నలు ఇవి: కేంద్రానికి సొంత గది ఉందా? త్రాసు ఉందా? నెలలో ఎన్ని రోజులు వంట జరిగింది? కార్యకర్తకు శిక్షణ అయిందా? ఇవి అనవసరమని అనను. త్రాసు లేకుండా బరువెలా చూస్తారు? కాని ఇవన్నీ ఇచ్చినదాని లెక్కలు. పిల్లకు ఏమైంది అన్నదానికి ఇందులో జవాబు లేదు.

ఆ జవాబు రాబట్టడం నిజంగానే కష్టం. ఉప్మా తిన్న పిల్ల ఏడాదిలో రెండు కిలోలు పెరిగిందనుకుందాం. తినకపోయినా ఎంతో కొంత పెరిగేదే కదా, పిల్లలు పెరగడమే వారి పని. ఆ ఏడు వానలు పడి ఇంట్లో గింజలు నిండుగా ఉండి ఉండవచ్చు. అమ్మకు పత్తి ఏరే కూలి దొరికి ఉండవచ్చు. పోనీ, కేంద్రం ఉన్న ఊరినీ లేని ఊరినీ పోల్చుదామంటే, ప్రభుత్వం ముందుగా బీద ఊళ్ళలో కేంద్రాలు పెడితే అక్కడి పిల్లలు బక్కగానే కనబడతారు, తప్పు కేంద్రానిదన్నట్లు ఉంటుంది. పలుకుబడి ఉన్న ఊళ్ళలో పెడితే పిల్లలు పుష్టిగా కనబడతారు, ఘనత కేంద్రానిదన్నట్లు ఉంటుంది. ఇరుగుపొరుగున ఉండి, అన్నివిధాలా ఒకటే అయి, ఉప్మా మాత్రమే తేడాగా ఉన్న ఊళ్ళు కావాలి. అటువంటివి కోరుకుంటే దొరకవు.

ఒకచోట దొరికాయి, అదీ మన హైదరాబాదు పొరుగున. 1987-90 మధ్య పథకం మెల్లమెల్లగా విస్తరిస్తున్న కాలంలో, నగరానికి దగ్గరి 29 పల్లెలను జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఎంచుకున్నారు. (1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో ఆ పేరు పొందిన సంస్థ అది, తార్నాక మీదుగా వెళ్ళేవారు దాని గేటు చూసే ఉంటారు.) వాటిలో 15 ఊళ్ళకు పథకం అప్పటికే వచ్చింది, పక్కనే ఉన్న 14 ఊళ్ళకు ఇంకా రాలేదు. వచ్చిన ఊళ్ళలో గర్భిణులకూ చిన్నపిల్లలకూ రోజూ మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో, సోయా నూనెతో చేసిన ఉప్మా. రాని ఊళ్ళలో ఎప్పటి తిండే. అప్పటి పరిశోధకులకు కావలసినది ఒక్కటే, పుట్టిన పిల్లల బరువు. తేడా సుమారు 60 గ్రాములు తేలింది. ఒక కోడిగుడ్డంత. లెక్క ముగిసింది, కాగితాలు అటకెక్కాయి.

కథ అంతటితో ఆగిపోతే మనకు చెప్పుకునేందుకు ఏమీ ఉండేది కాదు. పదిహేనేళ్ళ తరువాత, 2003-05లో, సంజయ్ కిన్రా, కె. వి. రామేశ్వర శర్మ ప్రభృతులు మళ్ళీ ఆ 29 ఊళ్ళకు వెళ్ళారు. ఉప్మా తిన్న పిల్లలు, తినని పిల్లలు అప్పటికి 13 నుంచి 18 ఏళ్ళ వయసులో ఉన్నారు. 1165 మందిని వెదికి పట్టుకుని పరీక్షించారు. ఎత్తు కొలిచారు, రక్తం తీశారు, రక్తనాళాల బిరుసు చూశారు. ఫలితాలు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి.

ఉప్మా ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ.

నేను ఆ వ్యాసం మొదటిసారి చదివినప్పుడు నిరాశపడ్డానని దాచను. అర అంగుళం పైచిలుకు. ఇంతేనా? తరువాత నిదానంగా చదివితే మిగతావి కనబడ్డాయి. ఎత్తు పెరిగినా ఒంట్లో కొవ్వు పెరగలేదు. ఇన్సులిన్‌కు దేహం మొండికేసే గుణం తినని ఊళ్ళ పిల్లలకంటే ఐదోవంతు తక్కువ. రక్తనాళాలు కాస్త మెత్తగా ఉన్నాయి. తల్లి గర్భంలో ఆకలి చూసిన శిశువుకు నడివయసులో గుండెజబ్బు, మధుమేహం ముప్పు ఎక్కువన్నది బ్రిటిష్ వైద్యుడు డేవిడ్ బార్కర్ ప్రతిపాదించిన సిద్ధాంతం. దానిని తిరగవేసి, ఆకలి తీరిస్తే ముప్పు తగ్గుతుందా అని మనుషులలో, ఊళ్ళకు ఊళ్ళలో చూసే అవకాశం ఈ పల్లెలు ఇచ్చాయి. ఆ పిల్లలే ఇరవైల్లోకి వచ్చాక మరొక బృందం చూస్తే, ఉప్మా ఊళ్ళవారిలో ఉన్నత పాఠశాల చదువు ముగించినవారు ఎక్కువగా, తొందరగా పెళ్ళయినవారు తక్కువగా ఉన్నారు.

ఇందులో లోపాలు లేవని కాదు. ఆ ఊళ్ళు చీటీలు వేసి ఎంచినవి కావు. పథకం వచ్చిన క్రమమే ఆధారం. పదిహేనేళ్ళలో కొందరు పిల్లలు ఊళ్ళు వదలి వెళ్ళిపోయారు. కేంద్రంలో తిన్న పిల్లకు ఇంట్లో ఒక ముద్ద తగ్గించి పెట్టిన తల్లి ఉండి ఉండవచ్చు. పరిశోధకులు తమ లెక్కను జాగ్రత్తగానే చెప్పుకున్నారు. నా దృష్టిలో అసలు విశేషం ఆ అంకె కాదు, మళ్ళీ వెళ్ళడం. మన పథకాలకు ఆయుర్దాయం ఐదేళ్ళు, ఎన్నికలనుంచి ఎన్నికలదాకా. మదింపు అంతకంటే తొందరగా కావాలి. రెండేళ్ళ పిల్ల తిన్న ఉప్మా ఫలం పదిహేడేళ్ళకు కనబడుతుందంటే, ఆ ఫైలు అన్నాళ్ళు భద్రపరచే కార్యాలయం ఎక్కడుంది?

ఇదే కాలంలో దీనికి విరుద్ధమైన మాట కూడా వినబడింది. 1990ల నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ఆధారంగా ప్రపంచబ్యాంకు పరిశోధకులు 2005లో, ఐసీడీఎస్ వల్ల పిల్లల పోషణలో చెప్పుకోదగిన మార్పు కనబడలేదని వ్రాశారు. పోషకాహార లోపం ఎక్కువగా ఉన్న ఉత్తరాది రాష్ట్రాలలోనే కేంద్రాలు తక్కువగా ఉన్నాయని కూడా వారే ఎత్తి చూపారు. అటుపక్క సుప్రీంకోర్టులో అప్పట్లో 2001నుంచి ఆహార హక్కు వ్యాజ్యం నడుస్తూ ఉండేది. 2006 డిసెంబరులో కోర్టు దేశంలో 14 లక్షల కేంద్రాలు ఉండి తీరాలని ఆదేశించింది. ఒకరు పనిచేయడం లేదంటే మరొకరు పెంచమన్నారు. చూడడానికి వైరుధ్యంగా ఉన్నా, నాకు రెండూ ఒకే సంగతి చెప్పినట్లున్నాయి. రిజిస్టరులో ఉండి గదిలో లేని ఉప్మాను కొలిస్తే ఫలితం సున్నాయే వస్తుంది. హైదరాబాదు పల్లెల్లో కొలిచినది పళ్ళెంలో పడ్డ ఉప్మాను.

ఈమధ్యకాలపు అంకెలు చూస్తే ఈ చిక్కు ఇంకా బాగా తెలుస్తుంది. తెలంగాణలో 2015లో ఆరోగ్యలక్ష్మి మొదలై గర్భిణులకు, బాలింతలకు కేంద్రంలోనే ఒక పూట నిండు భోజనం, పాలు, గుడ్డు ఇచ్చారు. 2015-16 సర్వేలో తెలంగాణలో వయసుకు తగిన ఎత్తు లేని పిల్లలు నూటికి 28 మంది. 2019లో, కోవిడ్‌కు ముందే, సర్వేవారు మళ్ళీ వెళితే 33 మంది. అదే కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో 31 వద్దనే దాదాపు కదలకుండా ఉంది. దీన్నిబట్టి ఆరోగ్యలక్ష్మి విఫలమైందనడం ఎంత తొందరపాటో, ఒకవేళ అంకె తగ్గి ఉంటే గెలిచిందనడం కూడా అంతే తొందరపాటు. భోజనం లేకపోతే ఎంత ఉండేదన్నది ఈ అంకెలో లేదు. అది చెప్పడానికి పక్క ఊరు కావాలి. ఒకేసారి రాష్ట్రమంతటా ప్రారంభోత్సవం జరిపితే పక్క ఊరు మిగలదు. తమిళనాడులో 2016 తరువాత కొన్ని కేంద్రాలలో మాత్రమే చదువు చెప్పడానికి సగంపూట అదనపు కార్యకర్తను పెట్టి, పెట్టని కేంద్రాలతో పోల్చి చూశారు. పిల్లల చదువుతో పాటు పోషణ కూడా మెరుగైంది. ఉన్న కార్యకర్తకు కాస్త తీరిక చిక్కడమే కారణమట. పెద్దమ్మను అడిగితే ఈ మాట ఖర్చు లేకుండా చెప్పేది.

కొలిచేవారి సంగతి కూడా ఒక్క మాట చెప్పి తీరాలి. 1972లో పోషకాహార సంస్థ ఆధ్వర్యాన ఏర్పడి, పల్లె ఇళ్ళలో వంటకు వాడే దినుసులను త్రాసులో తూచి మరీ లెక్క వ్రాసిన జాతీయ పోషకాహార పర్యవేక్షణ విభాగం 2015లో మూతపడింది. 2013లో స్వతంత్ర మదింపు కార్యాలయమొకటి పెట్టారు. మరుసటి ఏడే దానిని ఎత్తివేశారు. 1952లో పుట్టిన పాత సంస్థను 2015లో నీతి ఆయోగ్‌లోని కొత్త కార్యాలయంలో కలిపేశారు. 2021నుంచి అంగన్‌వాడీ లెక్కలు పోషణ్ ట్రాకర్ అనే ఫోన్ అప్లికేషన్‌లోకి ఎక్కుతున్నాయి. పెన్సిలు పోయింది.

మొన్న మళ్ళీ వెళ్ళినప్పుడు పెద్దమ్మకు ఈ 29 ఊళ్ళ కథంతా చెప్పాను. ఆమె పనిచేసినది ఒంగోలు వైపు. ఆ ఊళ్ళతో ఆమెకు సంబంధం లేదు. అయినా ఉప్మా ఏ పిండితో చేశారని అడిగి, "ఆఁ, అదే, పచ్చగా ఉండేది" అన్నది. 14 మిల్లీమీటర్లంటే ఎంతో చూపించమంటే చిటికెనవేలు చూపించాను, గోరునుంచి తొలి కణుపు దాకా కూడా రాదు. తన వేలితో పెట్టి కొలుచుకున్నది. సంతోషించిందో లేదో నాకు తెలియలేదు. కాసేపాగి, "మరి తిననిచ్చోళ్ళు లేని ఆ పద్నాలుగు ఊళ్ళ పిల్లలకో?" అన్నది.

ఆ ఊళ్ళకూ తరువాత కేంద్రాలు వచ్చాయని చెప్పాను.

"ఊళ్ళకి గాదురా. ఆ పిల్లలకి."

వాళ్ళకిప్పుడు ముప్పై అయిదు దాటి ఉంటాయి పెద్దమ్మా, అన్నాను. ఆమె వేళ్ళమీద ఏదో లెక్కపెట్టుకుని, మా ఊళ్ళో అదే ఈడు వాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. ఎవరు ఏ గ్రేడులో ఉండేవారో ఆమెకింకా గుర్తుంది, పెన్సిలుతో వ్రాసినవి.